తురుహీరా ఆంటీ గడప దాటని విందు

మా వైమారో తీరంలో సభామందిరం వంటగదిని తురుహీరా ఆంటీ నలభై ఏళ్లుగా ఏలుతోంది. ఏలుతోంది అనే అనాలి. కూరలో ఉప్పు సరిపోలేదని మా ఊరి పెద్దాయన కూడా ఆమె మొహం చూశాకే అంటాడు, చాలాసార్లు అనడు. వేదిక మీద మగవాళ్లు ఎంత గొప్పగా మాట్లాడినా, ఊరి పరువు తేలేది భోజనాల బల్ల దగ్గరేనని ఆమె నమ్మకం. ఒక్కో ఊరి విందుకి ఒక్కటి పేరు. పక్క తీరం వాళ్లకి ఆల్చిప్పలు, ఏటి అవతలి వాళ్లకి మలుగు చేపలు, మాకు రాతిరొయ్యలు. మోచేయంత పొడుగున్న ఆ ఎర్రటి రొయ్య పెట్టకుండా మా ఊళ్లో ఏ చావు విందూ జరగలేదు.

అలాంటి ఆంటీకి సొంత అక్క మాకెరె పోయిన నవంబరులో కన్నుమూసింది. తల్లి లేని ఆంటీని ఎత్తుకు పెంచిన అక్క. మా ఆచారం ప్రకారం మూడు రోజులు శవపేటిక మందిరంలో ఉంటుంది, మూడో రోజు పొద్దున ఖననం, తర్వాత విందు. మూడొందల మంది వస్తారని అంచనా. నా తమ్ముడు తమాతి మొదటి రోజు సాయంత్రమే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము దగ్గర రాళ్ల మధ్య ఇరవై రొయ్యల బుట్టలు దించి వచ్చాడు. చావు విందుకి రొయ్యలు పట్టుకోవచ్చని మా పెద్దాయన సంతకం చేసిన కాగితం ఆంటీ ఏప్రాన్ జేబులో ఉంది.

అప్పుడు రాకెట్టు కంపెనీ నుంచి ఫోన్లకి సందేశం వచ్చింది. రేపు ఉదయం అయిదు నుంచి మధ్యాహ్నం దాకా కొండకొమ్ము చుట్టూ పడవలు తిరగరాదు, రాకెట్టు వెళ్తుంది అని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఎనిమిదేళ్ల కిందట ఆ కంపెనీ వాళ్లు రాకెట్లు ఎగరేయడానికి కొండకొమ్ము మీద చోటు కావాలని వచ్చినప్పుడు ఆంటీయే వండిపెట్టింది. రొయ్యల తలకాయలు కూడా వదలకుండా జుర్రుకుని, నెలకి ఒక్క పూట సముద్రం మూస్తామన్నారు. ఇప్పుడు వారానికోసారి మూస్తున్నారు. ఆ రాకెట్టులో మనుషులు ఎక్కుతారా అంటే అదీ లేదు. ఎవరిదో ఉపగ్రహం ఎక్కుతుంది. ఎక్కడో ఎవరి గోధుమ పొలమో పైనుంచి చూసుకోవాలట. చూసుకోండి, కాదనను. మా సముద్రం మాకు దక్కేది పొద్దున పూట మాత్రమే. మధ్యాహ్నం అయ్యేసరికి ఎదురుగాలి లేస్తుంది, చిన్న పడవ కొమ్ము దాటలేదు. ఈ సంగతి వాళ్లకి ఎనిమిదేళ్లుగా తెలుసు.

రెండో రోజు పొద్దున రాకెట్టు వెళ్లలేదు. పైన ఎక్కడో గాలి ఎక్కువట. కింద మాకు గాలే లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. మధ్యాహ్నం తమాతి బయల్దేరి, సగం దూరంలో తడిసి ముద్దై తిరిగొచ్చాడు. మూడో రోజుకి మళ్లీ అదే సందేశం.

ఆంటీ పిండి చేతులతోనే కంపెనీ మనిషికి ఫోన్ చేసింది. ఊళ్లతో మాట్లాడటానికి పెట్టుకున్న కుర్రాడు, పేరు బ్రెండన్.

"ఒక్క గంట వదలవయ్యా. బుట్టలు ఎత్తుకొచ్చేస్తారు."

"నా చేతుల్లో లేదు ఆంటీ. నిజంగా చాలా బాధగా ఉంది. కావాలంటే రెండొందల కోళ్లు వేయించి పంపిస్తాం."

"కోళ్లు మాకూ ఉన్నాయి నాయనా. రెక్కలుండీ ఎగరవు, మీ రాకెట్టులాగే."

ఫోన్ పెట్టేసి చాలాసేపు పిండి పిసికింది. అంతసేపు పిసికితే ఆ పిండి రొట్టెకి పనికిరాదని నాకు తెలుసు.

మూడో రోజు మాకెరెని మట్టిలో పెట్టి వచ్చాం. రాకెట్టు ఆ పూట కూడా కదల్లేదు. ఏదో కవాటం బిగుసుకుందట. బల్లల మీద నేలలో తవ్విన గోతిపొయ్యిలో మగ్గిన పంది మాంసం, గొర్రె మాంసం, చిలగడదుంపలు పెట్టాం. పక్క తీరం ఆడవాళ్లు కూర్చోగానే బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి చూశారు. రొయ్యలేవని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే తిట్టుకునైనా ఊరుకునేవాళ్లం. మర్యాదగా మాంసం మెచ్చుకున్నారు, అది ఇంకా మండింది.

కంపెనీ వాళ్లు నలుగురు నల్లబట్టలు వేసుకుని, పూలు పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లకి పెట్టాలి. వాళ్లకీ నేనే వడ్డించాను.

భోజనాలయ్యాక వంటవాళ్లని బయటికి పిలిచి మెచ్చుకుంటారు. మేం వరుసగా నిలబడి ఒక పాట పాడతాం. నలభై ఏళ్లుగా ఆ వరుసలో మొదట నిలబడేది ఆంటీ. ఆ రోజు పెద్దాయన మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. ఆమె వంటగది గడప దాటలేదు. ఆమె లేకుండానే మేం పాడాం.

పాట అయ్యాక బ్రెండన్ వంటగది తలుపు దగ్గరికి వచ్చాడు. ఆంటీ మోచేతుల దాకా సింకు నీళ్లలో చేతులు పెట్టి పళ్లేలు కడుగుతోంది.

"ఆంటీ, భోజనం చాలా బాగుంది."

"నేను నీకెప్పుడు ఆంటీనయ్యాను?"

"క్షమించండి. మళ్లీసారి ఇలా జరగకుండా ముందే కనుక్కుని..."

ఆంటీ వెనక్కి తిరిగింది. ఆ మూడు రోజుల్లో ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను.

"మళ్లీసారా? మీ రాకెట్టుకి రేపుంది, ఎల్లుండుంది, కుదరకపోతే వచ్చే వారముంది. మళ్లీసారికి మా అక్కని ఎక్కణ్నుంచి తేనురా నేను?"

ఆమె తుడుపుగుడ్డ తీసి వాడి భుజం మీద పడేసింది. "వంటగదిలోకి వచ్చినవాడు ఊరికే నిలబడకూడదు. పళ్లేలు తుడువు." మూడొందల పళ్లేలు తుడిచాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రాకెట్టు వెళ్లింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. అంతా సవ్యంగా జరిగిందని రేడియోలో చెప్పారు. ఆ మరుసటి పొద్దున తమాతి బుట్టలు ఎత్తాడు. ప్రతిదాంట్లో రొయ్యలు నిండుగా ఉన్నాయి, ఇంత మంచి పట్టు ఏడాదిలో పడలేదు. ఒడ్డున ఆంటీ నీళ్లలోకి దిగి ఒక బుట్టలోకి చూసింది.

"విసిరేయ్ సముద్రంలోకి."

"ఒక్కటైనా ఉంచనా ఆంటీ? నీకు వండిపెడతాను," అన్నాడు తమాతి.

"అక్క చుట్టాల కోసం పట్టినవి రా ఇవి. చుట్టాలు వెళ్లిపోయారు. మనం తింటే గొంతు దిగుతాయా?"

తమాతి పడవ మళ్లీ కొమ్ము దాకా తీసుకెళ్లి, ఒక్కొక్క బుట్టే విప్పి వదిలేశాడు. ఈసారి ఎవరూ ఆపలేదు.