సైరన్ ఆగాక...

మా చిన్నప్పుడు... భిలాయిలో, ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 1లో, ఒక వేసవి మధ్యాహ్నం మా చెల్లెలు బుజ్జి కనిపించకుండా పోయింది. దానికి నాలుగేళ్ళు, నాకు పదేళ్ళు.

నాన్న ప్లాంటులో డ్యూటీకి వెళ్ళారు. అమ్మ రుబ్బురోలు దగ్గర పప్పు రుబ్బుతోంది. వీధి తలుపు తీసి ఉంది... అంతే.

కాసేపటికి మా క్వార్టర్ల లైనంతా బయటికొచ్చింది. "బుజ్జీ... బుజ్జీ..." అని ఒకటే కేకలు. పక్కన కొత్త క్వార్టర్లు కడుతున్న చోట నీళ్ళు నింపిన పెద్ద తొట్లున్నాయి. అందరి చూపులూ అటే.

బుజ్జి పిలిస్తే పలికే పిల్ల కాదు మరి. కళ్ళలోకి చూసేది కాదు. ఏదైనా కావాలంటే వేలితో చూపించేది కాదు... నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి దాని మీద పెట్టేది. రెండేళ్ళప్పుడు వచ్చిన నాలుగు మాటలూ ఎటో పోయాయి. మంచం కింద కూర్చుని గ్లాసులు వరసగా పేర్చుకునేది. ఎవరైనా ఒక్క గ్లాసు జరిపితే ఇంటికప్పు ఎగిరిపోయేలా ఏడ్చేది. చుట్టుపక్కల వాళ్ళు మూగదన్నారు, మొండిదన్నారు, గాలి సోకిందన్నారు.

"పిలిస్తే పలకని పిల్లని ఎక్కడని ఎతుకుతాం వదినా? చెవిటిదాయె," అంది పక్కింటి సన్యాసమ్మత్త.

"చెవిటిది కాదే. ప్లాంటు సైరన్ మోగితే చెవులు మూసుకుని, అది ఆగినా ఊఁ ఊఁ అని రాగం తీస్తాది కదేటి," అంది అమ్మ. అని, ఆగిపోయింది.

"రెండింటి షిఫ్టు సైరన్ మోగుతాది ఇప్పుడు. ఎవులూ పిలవొద్దు. భయ్యా, సబ్ చుప్ రహో," అని అందరికీ వినబడేలా అరిచింది అమ్మ.

కేకలు ఆగిపోయాయి. అంతమంది ఉన్నా వడగాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కేకలకంటే ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయం వేసింది. తొట్లవైపు చూడకుండా అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

సైరన్ మోగింది... ఎంతకీ ఆగదే... ఆగింది.

వెనక లైనులోంచి, సన్నగా... "ఊఁ..."

అమ్మ పరుగెత్తింది. మాది మూడో క్వార్టరు. ఆ రాగం వచ్చింది ఆ లైనులో కూడా మూడోదాంట్లోంచే, బయట తాళం. ఇళ్ళన్నీ ఒకే అచ్చు కదా... మన ఇల్లే అనుకుని బుజ్జి లోపలికెళ్ళి మంచం కింద దూరింది. ఆ ఇంటి దీదీ చూసుకోకుండా తాళం వేసి బజారుకి వెళ్ళిపోయింది. ఎవరో సుత్తి తెస్తే, అమ్మే తాళం పగలగొట్టింది.

లోపల బుజ్జి చెమటతో తడిసి ముద్దయింది. రెండు చెవులూ మూసుకునే ఉంది. దాని ముందు వాళ్ళ గ్లాసులన్నీ వరసగా ఉన్నాయి. అమ్మ దాన్ని వాటేసుకోలేదు, వాటేసుకుంటే అరుస్తుందని తెలుసు. పక్కనే నేల మీద కూలబడి ఏడ్చింది. బుజ్జి మెల్లగా బయటికొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది... మంచినీళ్ళ కుండ మీద పెట్టింది.

పెద్దయితే అదే సర్దుకుంటుందన్నారు అప్పటి డాక్టర్లు. ఇప్పుడు దాన్ని ఆటిజం అంటున్నారు. చిన్నప్పుడే గుర్తిస్తే ఓపిగ్గా నేర్పించేవాళ్ళున్నారు. మీ ఇంట్లో పిలిస్తే తిరగని, వేలితో చూపించని, వచ్చిన మాటలు మానేసిన పసివాళ్ళుంటే "అదే వస్తుందిలే" అని ఊరుకోకండి... ఒకసారి డాక్టరుకి చూపించండి. మీ వీధిలోనూ ఒక బుజ్జి ఉండే ఉంటుంది. గుర్తొస్తే ఇక్కడ రాయండి.

మా బుజ్జి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అమ్మే లేదు. తన కూతురికి లోకం పెట్టిన పేర్లన్నీ విన్నది... ఆటిజం అన్న ఈ ఒక్క పేరూ వినకుండానే వెళ్ళిపోయింది.