తూటాల పట్టికలో నలభై మూడు ఖాళీలు

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉద్యోగమంటే ఏమిటో చేసేవాడికీ సరిగ్గా తెలిసేది కాదు, చేయించుకునేవాడికీ తెలిసేది కాదు. సింగపూర్‌లో దిగిన మాలాంటి కుర్రాళ్ళం ఒక నెల రొయ్యల ఎగుమతి గురించి, మరో నెల పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ల గురించి ప్రోగ్రాములు రాసేవాళ్ళం. నా వంతుకు తూటాలు వచ్చాయి. అవునండీ, తుపాకీ తూటాలే. జేబులో ఒక్క తూటా దొరికినా జైలు తప్పని ఊళ్ళో, దీపావళికి రీలు తుపాకీ తప్ప మరొకటి పట్టుకోని నేను, మూడు నెలలు తిరిగేసరికి అడవి దున్నకు ఏ గుండు పనికొస్తుందో చెప్పేంతవాణ్ణి అయిపోయాను. (పెళ్ళిచూపుల్లో ఈ సంగతి పొరపాటున కూడా బయటపెట్టలేదు.)

ఆ పని ఇచ్చినాయనకు నేను పెట్టుకున్న పేరు తుపాకీ అంకుల్. ఆయన తాతగారు విశాఖ వైపు నుంచి ఇక్కడి నేవీ బేసులో పనికి వచ్చారట. ఈయన సెంబవాంగ్ షిప్‌యార్డులో ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఫ్లాట్‌లో తుపాకీ కాదు కదా, దాని ఫొటో కూడా లేదు. రైఫిళ్ళన్నీ ఉత్తర ఆస్ట్రేలియాలో పశువుల క్షేత్రం నడిపే మేనల్లుడి దగ్గర ఉండేవి. అంకుల్ ఏటా వానలు తగ్గాక అక్కడికి వెళ్ళి, దున్నల వేటకు తూటాలు స్వయంగా తయారుచేసి, కాల్చి చూసి, ఫలితాలన్నీ పొడుగు నోటుబుక్కుల్లో రాసుకునేవాడు. అవి మూడయ్యాయి. వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, తుపాకీ పేరూ గుండు బరువూ నొక్కగానే ఎంత మందు వేయాలో చూపించే సీడీ చేసిపెట్టాలి. ఆ సీడీ మేనల్లుడికి పోవాలి. మా బాసు హైదరాబాదీ. నన్ను పిలిచి, "జర దిల్ పెట్టి చెయ్ ర బై. అంకుల్ ఖుషీ అయితే నీ కన్ఫర్మేషన్ పక్కా. లేకుంటే నేనేం చెయ్యలే మళ్ళ," అన్నాడు. కన్ఫర్మేషన్ రాకపోతే అక్కడ పనిచేసేందుకిచ్చే పాస్ క్యాన్సిల్, పాస్ క్యాన్సిలైతే పెట్టె సర్దుకోవడమే. ఊళ్ళో మా నాన్న అప్పటికే నా ఉద్యోగం గురించి బస్టాండు దాకా చెప్పేసి ఉన్నాడు. తిరిగి వెళ్ళే ముఖం నాకు లేదు.

నిజం చెప్పొద్దూ, మొదటివారం భయపడ్డాను గానీ రెండోవారం నుంచి నాకు పిచ్చి పట్టుకుంది. శనివారాలు మా రూమున్న పాసిర్ రిస్ నుంచి రైలెక్కి ఊరికి ఆ చివరనున్న అంకుల్ ఇంటికి పోయేవాణ్ణి. బ్లాకు కింద కాఫీ కొట్లో కూర్చుని అంకుల్ పాఠం మొదలుపెట్టేవాడు. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతిన గుండు. మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే ఒకప్పటి గింజ ఎత్తేనట. మన కంసాలి గురిగింజకూ దీనికీ చుట్టరికం ఉందన్నమాట అని నేను మురిసిపోయాను. లేడికి సన్న గొట్టమున్న తుపాకీ చాలు, ఏనుగుకు మహా లావు కావాలి, ఈ రెంటికీ మధ్యదే మీడియం బోర్. దానికి గుండు ఎంచుకోవడంలోనే ఉన్నాయి అసలు తిప్పలన్నీ. సూపులోని చేప ఉండను స్పూనుతో నొక్కి చూపిస్తూ, "మెత్త మూతి గుండు ఇట్లా చితికి వెడల్పు అయితాది. మంచిదే. కానీ తొందరగా చితికితే ఎముక దగ్గరే ఆగిపోతాది లా," అనేవాడు. (మాట చివర 'లా' సింగపూర్ అలవాటు.) 

"ఆగితే ఏమవుతుందంకుల్?" 

"దున్న చావదు తంబీ. గాయంతో పొదల్లోకి పోతాది. అప్పుడు నువ్వు దాని ఎనక పోవాల. పోకపోతే పాపం, పోతే భయం." 

మరి మొత్తం రాగితో చేసిన గట్టి గుండు వేస్తే? బరువు పెంచితే? పెంచిన బరువుకు మందు తగ్గించాలా? నా ప్రశ్నలకు ఆయన కాఫీ చల్లారిపోయేది. మా రూములో ముగ్గురూ షేర్ల గురించి మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో దూరి దున్న భుజం ఎముక మందం చెప్పేవాణ్ణి. నన్ను చూసి వాళ్ళు జాలిపడేవారు.

పట్టిక తయారైంది. చూస్తే అక్కడక్కడా ఖాళీ గడులు. లెక్కపెడితే నలభై మూడు. బాసు తెర మీదికి వంగి, "గిదేంది ర, పండ్లూడిన నోరు లెక్క? నువ్వే టైప్ చెయ్యలేదనుకుంటరు," అన్నాడు. నోటుబుక్కుల్లోనే లేవని చెప్పబోయాను గానీ ఆయన ఫోను మోగింది. అప్పుడు నాలోని ఇంజనీరింగ్ విద్యార్థి లేచి కూర్చున్నాడు. మా కాలేజీలో ల్యాబ్ రికార్డు ఎలా రాసేవాళ్ళమో చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పదింటికి నాలుగు రీడింగులు తీసుకుని, క్యాంటీన్‌కి పోయి, రావలసిన జవాబు నుంచి వెనక్కి లెక్కేసి మిగతా ఆరూ నింపేవాళ్ళం. గ్రాఫు గీస్తే గీత ముచ్చటగా వచ్చేది, మేష్టారు సంతకం పెట్టేవారు. అందరూ అలాగే చేసేవారు కాబట్టి అది తప్పని మా బుర్రకు ఎప్పుడూ తట్టలేదు. అటూ ఇటూ ఉన్న అంకెలను బట్టి మధ్యవి ఊహించే ప్రోగ్రాము ఇరవై లైన్లలో రాశాను. నలభై మూడూ చక్కగా నిండిపోయాయి. పైగా ఎందుకైనా మంచిదని ప్రతిదాంట్లోనూ మందు కాస్త తగ్గించాను. (నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను కూడా.) బాసు భుజం తట్టి, ఒక సీడీ ఆస్ట్రేలియాకు కొరియర్‌లోనూ, ఒకటి అంకుల్‌కూ పంపించాడు.

ఆ తర్వాతి శనివారం పొద్దున్నే అంకుల్ ఫోన్ చేసి రమ్మన్నాడు. మెచ్చుకోవడానికే అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆయన కంప్యూటర్ ముందు కళ్ళజోడు నుదుటికి ఎక్కించుకుని కూర్చున్నాడు. తెర మీద ఒక గడి మీద వేలు పెట్టి, "ఇది ఎవురు కాల్చినారు?" అని అడిగాడు.

"అంటే... అది ప్రోగ్రామ్ లెక్కేసిందంకుల్."

"సరే లా. ఎవురు కాల్చినారు?"

"భయం లేదంకుల్, తగ్గించే వేశాను," అని గొణిగాను. ఆయన ముఖం పాలిపోయింది. "అలమాక్! తగ్గించినావా?" అని మలయాలో అయ్యయ్యో అంటూ లేచి నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది నాకు. కొన్ని మందులు నిదానంగా మండుతాయి. అలాంటివి గొట్టంలో ఖాళీ మిగిలేలా తక్కువ పోస్తే ఒక్కోసారి ఎక్కువ పోసినదాని కంటే ఘోరంగా పేలతాయట. తుపాకీ చెంప దగ్గర పెట్టుకునే వస్తువు కదా, ఇక చెప్పేదేముంది. అంకుల్ వదిలిన ఖాళీలు బద్ధకంతో వదిలినవి కావు. కొన్ని ప్రమాదమని తెలిసి వదిలాడు, మిగతావి కాల్చి చూడలేదు గనక వదిలాడు. ఆస్ట్రేలియాలో ఆ వారమే వేట మొదలవుతోంది. మేనల్లుడు తూటాలు తయారుచేసుకునే సమయం సరిగ్గా ఇదే.

అంకుల్ ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు, మెసేజులు తీసుకునే మిషన్ మాట్లాడింది. మిషన్‌కు చెప్పాడు. అరగంటకు మళ్ళీ చేశాడు. ఫ్యాక్స్ పంపాడు. మధ్యాహ్నం అంకుల్ వాళ్ళావిడ, ఆంటీ, అన్నం పెట్టి, "తిను తంబీ, నువ్వు తినకపోతే అక్కడ ఫోన్ ఎత్తుతారా?" అంది. కలిపిన అన్నం ముందు పెట్టుకుని ఫోన్ వైపే చూశాను. అంతవరకూ నా భయమంతా పాస్ గురించే ఉండేది. ఆ మధ్యాహ్నం నేనెప్పుడూ చూడని ఒక మనిషి రెండు కళ్ళూ బాగుండాలని మాత్రమే కోరుకుంటూ కూర్చున్నాను. అంకుల్ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో!

నాలుగు దాటాక ఫోన్ మోగింది. అంకుల్ స్పీకర్ నొక్కాడు.

"ఏమైంది మామా, ఇన్నిసార్లు చేశావు? కంచెలు చూసుకోను పోయినా."

"ఆ సీడీ... తూటాలు చేసినావా?"

"లేదు లేదు. చూసినా, పక్కన పడేసినా. దాంట్లో ఒక్క ఖాళీ కూడా లేదు మామా! నీ బుక్కు నాకు తెలీదా? ఇది నీ లెక్క కాదనుకున్నా. ఎవడు చేసినాడు దాన్ని?"

అంకుల్ కుర్చీలో జారగిలబడి నా వైపు చూశాడు. "మనోడే లే. కొత్త," అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఆంటీ చూడకుండా చొక్కా చేతితో తుడుచుకున్నాను గానీ ఆంటీ చూసింది.

సోమవారం బాసుకు జరిగిందంతా నేనే చెప్పాను. ఆయన అరిచిన అరుపులకు పక్క ఆఫీసువాళ్ళు తొంగి చూశారు. పట్టిక మళ్ళీ చేయడానికి అంకుల్ పెట్టిన షరతు ఒక్కటే. ప్రతి ఖాళీలోనూ 'కాల్చి చూడలేదు' అని కొట్టాలి, ప్రోగ్రాముతో కాదు, చేత్తో. నలభై మూడు సార్లు కొట్టాను. అలా కొడుతూ ఉండగానే నా కన్ఫర్మేషన్ ఫారం బల్ల మీదికి వచ్చింది. అందులో పది సాఫ్ట్‌వేర్ల పేర్లు, పక్కన ఎన్నేళ్ళ అనుభవమో రాయడానికి గడులు. ఊళ్ళో కన్సల్టెన్సీవాడు నా బయోడేటాలో ఆ పదింటికీ ఏళ్ళు పంచిపెట్టేశాడు. నాకు తెలిసినవి నాలుగే. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి నాలుగు గడులే నింపి ఇచ్చేశాను.

బాసు ఫారం అటూ ఇటూ తిప్పి, "ఇవన్నీ నీ బయోడేటాల ఉండె గద ర బై?" అన్నాడు.

"ఉన్నాయి సార్. కాల్చి చూడలేదు."

ఆయన ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించాడు. ఆ మూడు నెలల్లో తెలియని ఆ ఆరింటిలో రెండు నేర్చుకుని, కన్ఫర్మ్ అయి బయటపడ్డాను. మిగతా నాలుగూ ఇప్పటికీ రావు. ఎవరైనా అడిగితే రావనే చెబుతాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మెప్పు కోసం బయల్దేరిన ఆ కుర్రాడు ఈ మాట వింటే ఎంత కంగారుపడి నా నోరు మూసేవాడో తలచుకుంటే నవ్వొస్తుంది.