పసుపు కొమ్ముతో తిరిగిన బొమ్మ

ఆదోనిలో నేను పనిచేసిన స్కానింగ్ సెంటర్ గుర్తొస్తే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. రోగులను చూసి కాదు, వెయిటింగ్ హాల్లో గోడకున్న టీవీని తలుచుకుని.

సీటీ మిషన్ ఒంటిని పలచటి పొరలుగా ఫొటోలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని పేర్చి మనిషిని తిరిగి కడుతుంది. ఎముకలు అడిగితే ఎముకలు, చర్మం అడిగితే చర్మం. కట్టుకున్న బట్ట మాత్రం ఉండదు.

పెద్దకడుబూరు పక్క పల్లె నుంచి, పత్తి ట్రాక్టర్ మీంచి పడిన ఒకామెను తీసుకొచ్చారు. పక్కటెముకలు చూడాలి. ఎముకల బొమ్మ చాలు. మా ఓనరు చర్మం బొమ్మ కూడా కట్టించి, తల కత్తిరించి, టీవీలో గిరగిరా తిప్పాడు. కింద సెంటర్ ప్రకటన.

"ఆడమనిషి ఒళ్లు సార్ అది. తీసేయండి" అన్నాను.

"మొగమే లేదు కదప్పా, ఎవురికి తెలుస్తాది?" అంటూ బొరుగులు నములుతున్నాడు.

హాల్లో మగవాళ్లు సెల్‌ఫోన్లు జేబులో పెట్టుకుని మరీ చూస్తున్నారు. ఛీ అనిపించింది. ఆ గాలి పీల్చడానికే రోత పుట్టింది.

మర్నాడు రిపోర్టు కోసం ఆమె, అత్త వచ్చారు. అత్త టీవీ ముందు ఆగిపోయింది. బొమ్మ రొమ్ముల నడుమ వంకర బుడిపె ఒకటి ఉంది. స్కానింగుకు బంగారం పనికిరాదని తాళి తీయించినప్పుడు, మెడ బోసిగా ఉండకూడదని అత్తే పసుపు కొమ్మును దారానికి కట్టి కోడలి మెడలో వేసింది.

"ఇది నేను కట్టిన కొమ్మే" అంది మెల్లగా. భుజం మీది తువ్వాలు తీసి టీవీ మీద కప్పింది.

"గుడ్డ తీయమ్మా, టీవీ వేడెక్కుతాది" అన్నాడు ఓనరు.

నేను వెళ్లి ప్లగ్గు పీకేశాను. కోడలు నేల చూస్తూనే అడిగింది.

"ఈడనే ఉండాదా అన్నా, యాడికన్నా పంపినారా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పేషెంట్లను పంపే పల్లె డాక్టర్లందరికీ ఓనరు దాన్ని వాట్సాప్‌లో పంపాడు. ఆమె ఊరి డాక్టరుకైతే, 'నువ్వు పంపిన పేషెంటే' అని రాసి మరీ.

"మీ ఊరి డాక్టరుకు పోయింది తల్లీ" అన్నాను.

ఆమె చెంగు రెండు చేతులతో గుండెల మీదికి లాక్కుంది.

"పొద్దున సూది ఏసేటప్పుడు నన్ను సూసి నవ్వినాడులేన్నా. ఎందుకో అనుకుంటి."