పాలోలెంలో ఒక్కరి కయాక్

నాందేడ్ జిల్లా బిలోలి తహసీల్ కచేరీలో పదహారేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుంటున్నాను. చిన్నప్పుడే పోలియో వచ్చిన ఎడమ కాలికి ఇనుప పట్టీలు, కుడిచేతిలో ఊతకర్ర. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో కయాక్ అనే సన్నటి పడవను కూర్చొని తెడ్డుతో నడిపే మనిషిని చూశాను. పనంతా నడుము పైనే. అప్పుడే సెలవు చీటీ రాశాను.

నాందేడ్‌లో సాయంత్రం పన్వేల్ బండి ఎక్కాం, నేనూ మా వదిన సుజాతా. జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టుకున్నాం. ఎదుటి బెర్తులోని నిజామాబాద్ పెద్దాయన మా సంగతి విని, "సముద్రంల గా కాలుతోని ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు.

"తెడ్డు చేతులతోని ఏస్తరు తాతా," అన్నాను. వదిన పెట్టిన రొట్టె ఆయన అందుకున్నాడు.

పొద్దున పన్వేల్‌లో దిగి కొంకణ్ రైలు పట్టుకుంటే, గోవాలోని కాణకోణ్ చేరేసరికి చీకటి పడింది. అక్కడి నుంచి పాలోలెం ఆటోలో పది నిమిషాలు. నాలాంటివాళ్లు మెట్లు లేని గది కావాలని ముందే ఫోన్ చేసి చెప్పుకోవడం మంచిది.

మర్నాడు ఏడింటికే ఇసుకలో దిగాం. రెండు కొండకొమ్ముల మధ్య ఒదిగిన అఖాతం, అలలు చిన్నవి. ఒడ్డున పసుపు కయాక్‌లు, నిలబడి తెడ్డేసే వెడల్పాటి పాడిల్‌బోర్డులు. అద్దె గంటల లెక్కన. అద్దెకిచ్చే ఆయన నా కాలు చూసి మరాఠీలో, "నకో తాయీ, వద్దక్కా. ఇద్దరి పడవ తీసుకోండి, నేను నడుపుతాను. మీరు ఊరికే కూర్చోండి," అన్నాడు.

"ఊకె కూసునుడు కచేరిల రోజు చేస్తనే ఉన్న," అన్నాను వదినతో. ఆయనను మాత్రం, "బోల్తాపడితే నేనే ఎక్కగలనని చూపిస్తే ఇస్తారా?" అని అడిగాను.

సరేనన్నాడు. పట్టీలు విప్పి, కర్రతో సహా వదినకిచ్చి, లైఫ్ జాకెట్ బిగించుకొని, ఆయన భుజం పట్టుకొని నడుములోతు నీళ్లలోకి వెళ్లాను. నేను ఎక్కగానే ఆయనే కయాక్‌ను ఒరగదోశాడు. ముక్కులోకి ఉప్పునీళ్లు. మొదటిసారి జారిపోయాను. రెండోసారి పడవే నా మీద తిరగబడింది.

"చాలు పద్మా, అచ్చెయ్! ఎవలకు చూపియ్యాలె?" ఒడ్డు నుంచి వదిన అరిచింది. నోట్లోని ఉప్పునీళ్లు ఉమ్మేసి మళ్లీ పడవ అంచు పట్టుకున్నాను.

మూడోసారి పడవకు అడ్డంగా బోర్లా పడి, అవతలి అంచు పట్టి లాక్కొని, మెల్లగా తిరిగి కూర్చున్నాను. ఆయన తెడ్డు అందించాడు. "కొండ కొస దాటొద్దు. గాలి లేవకముందే తిరగండి."

కర్ర పట్టే కుడిచేతికి బలం ఎక్కువ. పడవ ఎడమకే తిరిగేది. దాన్ని దారికి తెచ్చుకొని కొండ కింది రాళ్ల దాకా వెళ్లాను. నడిచేటప్పటిలా నాకోసం ముందు ఆగి ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరక్కడ. ఆ సంతోషంలో ఆలస్యం చేశాను. గాలి ఎదురుతిరిగింది. ఎంత లాగినా ఒడ్డు దగ్గరకు రాదు. తెడ్డు ఆపితే వెనక్కి పోతానని తెలిసి, భుజాలు మండుతున్నా ఆపలేదు.

తిరిగొచ్చేసరికి నీళ్లంటే భయపడే వదిన మోకాలిలోతులో పాడిల్‌బోర్డు మీద బాసింపట్టు వేసుకొని ఉంది. "ఒడ్డు మీద కూసుంటే నువ్వు కనవడలేవే. గందుకే ఎక్కిన," అంది.

తిరుగు ప్రయాణంలో పన్వేల్ దాటాక నీళ్ల సీసా మూత తిప్పబోతే చేతులు లేవలేదు. కాలు మూలంగా ఎవరినైనా సాయం అడిగినప్పుడల్లా నాకు నామోషీగా ఉండేది. ఇప్పుడడుగుతున్నది చేతులు పనిచేసి అలిసినందుకు.

"జర తియ్యి వదినా," అన్నాను గట్టిగానే. ఆమె తీసిచ్చిన సీసా ఖాళీ అయ్యేదాకా తాగాను.