చివరిసారి ఎక్కడ పడ్డారు?

ఓబర్‌గ్రీస్ అనే కొండ ఊళ్లో, చర్చి వెనక సందులో బుర్గి స్కీల కొట్టు ఉంది. మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడుగు పలకలే స్కీలు. గుమ్మం దాటి లోపలికొచ్చిన మనిషిని ఆవిడ ‘రండి, కూర్చోండి’ అనదు. నఖశిఖపర్యంతం ఒకసారి చూసి, “చివరిసారి ఎక్కడ పడ్డారు?” అంటుంది.

కొత్తవాళ్లకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ ప్రశ్నకు కారణం ఉంది. ‘మీరు స్కీ ఎలా చేస్తారు?’ అని అడిగితే నిజం చెప్పే మనిషి భూమ్మీద ఇంకా పుట్టలేదు. అందరూ బాగానే చేస్తారు. పడిన సంగతి అడిగితే మాత్రం ఆ చోటు, ఆ మంచు, ముందు ఏ కాలు జారిందో కూడా నెమరేసుకుని మరీ చెబుతారు. చెట్ల మధ్య పడ్డానన్నవాడికి బుర్గి చిన్న మలుపులో ఇట్టే తిరిగే స్కీ ఇస్తుంది. లోతు మంచులో స్కీ ముక్కు దిగబడి పడ్డానంటే నడుము దగ్గర వెడల్పుగా ఉన్న స్కీ ఇస్తుంది, అది మంచు మీద తేలుతుంది. వేగంలో స్కీ గడగడలాడి విసిరి కొట్టిందంటే బిరుసుది తీస్తుంది. ‘నేను పడనండీ’ అన్నవాడికి సన్నగా, మెత్తగా ఉన్న జత చేతిలో పెట్టి, యంత్రంతో చదును చేసిన వాలు దాటి అవతలికి పోవద్దంటుంది. కొండ మీద ఎవరి అడుగూ పడని మంచులోకి వెళ్లాలంటే ముందు నిజం చెప్పడం రావాలని ఆవిడ నమ్మకం. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఆవిడ అసలు పేరు నోట్‌బుర్గా. ఆ పేరుతో పాదిరి ఒక్కడే పిలుస్తాడు. వాళ్ల నాన్న స్కీలు చెక్కేవాడు కాబట్టి చిన్నప్పటినుంచీ చేతికి స్కీ తప్ప బొమ్మ తగల్లేదు. స్కీ ముక్కును ఒక చేత్తో పట్టుకుని, తోకను నేలకు ఆనించి, అరచేత్తో నడుము మీద నొక్కిందంటే, అది ఎవరి కాళ్ల కింద వంగుతుందో, ఎవరి కాళ్ల కింద మొండికేస్తుందో చెప్పేస్తుంది. నోరు మాత్రం కుండబద్దలే. ఆ నోటికి భయపడి ఒకటి రెండు సంబంధాలు వెనక్కి పోయాయని ఊళ్లో చెప్పుకుంటారు.

వెనక్కి పోనివాడు విగిల్. పై పల్లెలకు ఉత్తరాలు మోసే ఉద్యోగం కొత్తగా వచ్చి, చలికాలం తిరగడానికి స్కీలు కావాలని కొట్టుకొచ్చాడు. మనిషి పొట్టి. అడిగింది మాత్రం కొట్టులోకెల్లా పొడుగాటి జత. ఆ ఊళ్లో మగవాడి స్కీకి ఒక కొలత ఉంది. చెయ్యి నిటారుగా పైకెత్తితే స్కీ ముక్కు మణికట్టుకు తగలాలి. అంతకు తగ్గితే పిల్లల స్కీ అంటారు. విగిల్ చెయ్యెత్తాడు. సరిగ్గా మణికట్టుకు తగిలింది. అతను మునివేళ్ల మీద నిలబడ్డాడని బుర్గి చూసింది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది. ఆ మరుసటి వేసవిలో పెళ్లయింది.

అప్పటినుంచీ ఏటా మొదటి పెద్ద మంచు పడ్డ పొద్దున బుర్గి కొట్టు తలుపు పిడికి ఒక ఎర్ర చేతితొడుగు తగిలిస్తుంది. కొండెక్కాం, మధ్యాహ్నం తర్వాత రండి అని దానర్థం. మొగుడూ పెళ్లాలిద్దరూ పోయేవాళ్లు, పిల్లలు పుట్టిన ఏడూ పోయారు, విగిల్ ఉద్యోగం మానిన ఏడూ పోయారు. కానీ కిందటేడూ, అంతకుముందేడూ బుర్గి ఒక్కతే పోయింది.

అంతకుముందు చలికాలం చివర్లో విగిల్ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బుర్గి వెనక వస్తోంది. కొండ భుజం తిరిగేసరికి అతను కింద లార్చ్ చెట్ల మొదట్లో పడి ఉన్నాడు. ఇంకేముంది, ఆ పొడుగు స్కీలు చెట్ల మధ్య తిరగలేక పడేశాయని ఆవిడ అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. ఊరంతా అదే చెప్పింది. కాలు అతుక్కుంది, డాక్టరు ఇక వెళ్లొచ్చన్నాడు. బుర్గి చక్కటి పొట్టి జత, చిన్న మలుపుది, తెచ్చి గోడకు ఆనించింది. విగిల్ ఆ పొద్దున కట్టెలు కొట్టాలన్నాడు. మరుసటేడు ఇంకా పొట్టిది తెచ్చింది. పిల్లికి ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ పిల్లి అప్పుడు పొయ్యి పక్కన వెన్న నాకుతోంది.

ఈ ఏడు కూడా అతను రాకపోతే ఇక ఎప్పటికీ రాడని బుర్గికి తెలుసు. ఆవిడకి అదే బెంగ. కొండ మీద ఒంటరిగా దిగడం ఆవిడకు చేతకాక కాదు. కిందికొచ్చాక ‘చూశావా ఆ మలుపు!’ అని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేకపోతే, ఆ మంచంతా వృథా అనిపించేది.

నవంబరు చివర ఒక మధ్యాహ్నం విగిల్ ఎప్పటిలాగే జున్ను ఉండల సూప్ గిన్నె పట్టుకుని కొట్టుకొచ్చాడు. బయట మబ్బు కిందికి దిగింది, పొద్దున్నకల్లా మంచు దంచి కొడుతుందని రేడియో చెప్పింది. లోపల మ్యూనిక్ నుంచి వచ్చిన ఒకాయన కొత్త జాకెట్టులో మెరిసిపోతున్నాడు.

“చివరిసారి ఎక్కడ పడ్డారు?” అంది బుర్గి.

“నేనా? నేను పడనండీ.”

“అయ్యో పాపం. ఇదిగో, ఈ సన్నటి జత తీసుకోండి. పడటం నేర్చుకున్నాక మళ్లీ రండి, వెడల్పుది ఇస్తాను.”

ఆయన నవ్వేసి, తీసుకుని పోయాడు. విగిల్ గిన్నె బల్ల మీద పెట్టాడు.

“ఊళ్లో అందర్నీ అడుగుతావు. నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు.”

“ఏమిటి?”

“ఎక్కడ పడ్డానని.”

“నిన్ను అడిగేదేముందయ్యా? కళ్లారా చూశాను కదా. చెట్లలో పడ్డావు.”

“నువ్వు చూసింది పడ్డాక. పడింది చెట్లలో కాదే బుర్గీ. పైన, చెట్టూ చేమా లేని వాలు మైదానంలో. అక్కణ్ణుంచి జారుకుంటూ వచ్చి చెట్ల దగ్గర ఆగాను.”

బుర్గి చేతిలో చెంచా ఆగిపోయింది. “ఆ మైదానంలోనా? అక్కడ మా అత్త ఆవు కూడా పడదు!”

“తెలుసు. అందుకేగా నోరెత్తలేదు.”

“ఎలా పడ్డావు మరి?”

విగిల్ కిటికీలోంచి బయటికి చూశాడు. “మంచు తడిసి బరువెక్కింది. తొడలు చచ్చుబడ్డాయి. స్కీని వంచుదామని నొక్కాను. వంగలేదు. మళ్లీ నొక్కాను. నేనసలు దాని మీద లేనట్టు తిన్నగా పోయింది. స్కీ అదే, ఎన్నేళ్లుగా తొక్కిందే. నా కాళ్లే... అవి ఇప్పుడు చాలట్లేదు.”

“మరి చెట్లలో పడ్డావని నేను ఊరంతా టముకు వేస్తుంటే చెప్పకూడదూ?”

“చెట్టు పడేసిందంటే మర్యాదగా ఉంది. నా తొడలు పడేశాయని లిఫ్ట్ నడిపే ఆ గెబ్‌హార్డ్‌కి తెలిస్తే బతకనిస్తాడా? నువ్వేమో పొట్టి జతలు తెచ్చి గోడకానించావు. మనవడి స్కీల్లా ఉన్నాయవి. అవి వేసుకుని లిఫ్ట్ దగ్గర నిలబడనా?”

ఇన్నేళ్లుగా పరాయివాళ్లను నిలదీసి అడిగిన ప్రశ్నను ఇంట్లో మనిషిని అడక్కుండా, పప్పులో కాలేసి, ఆ తప్పుడు తీర్పునే పట్టుకుని రెండు చలికాలాలు గడిపేసింది బుర్గి. ఆవిడకి సిగ్గేసింది. సిగ్గేస్తే ఆవిడ అరుస్తుంది.

“కళ్లు మూసుకో!”

“ఎందుకే?”

“మూసుకోమంటే మూసుకో! చెయ్యి ఇలా ఇవ్వు.”

ఒక్కొక్క స్కీ తెచ్చి, ముక్కు ఒక చేతికిచ్చి, అరచేతిని నడుము మీద పెట్టించింది. “నొక్కు.”

“రాయి,” అన్నాడు విగిల్. తర్వాత దాన్ని “కుళ్లిన గుమ్మడిపండు,” అన్నాడు. ఇంకొకదాన్ని నొక్కి, “ముక్కు వంగుతోంది, తోక ఒప్పుకోవట్లేదు,” అన్నాడు. ఇంత వయసొచ్చినా చేతికి జ్ఞానం ఉందని బుర్గి లోలోపల మురిసిపోయింది.

గోడ చివరి నుంచి ఇంకొకటి తెచ్చింది. విగిల్ నొక్కాడు. వదిలాడు. మళ్లీ నొక్కాడు. అతని మొహంలో ఏదో కదిలింది.

“ఇది మాట వింటోంది,” అన్నాడు.

“కళ్లు తెరువు.”

తెరిచాడు. “ఓరి దేవుడా! రొట్టెలు కోసే పలకలా ఉంది. దీని నడుమేమిటింత వెడల్పు?”

“వెడల్పుగా ఉంటేనే బరువు మంచులో తేలుతుంది. నీ తొడలకు పని తగ్గుతుంది. పెద్ద మలుపుదే, భయపడకు. ఇటూ అటూ తిప్పడం నీకెప్పుడూ ఇష్టం లేదుగా, ఉత్తరం తిన్నగా ఇంటికి చేరాలనేవాడివి. పొడుగెంతో చూసుకో.”

విగిల్ స్కీని పక్కన నిలబెట్టి చెయ్యెత్తాడు. ముక్కు మణికట్టుకు తగిలింది. తల ఎగరేసి పెళ్లాం వంక చూశాడు. అతని మడమలు నేలకు ఆనలేదు. బుర్గి సూప్ చల్లారిపోతోందని వెళ్లి గిన్నె ముందు కూర్చుంది.

పొడుగు ఊరందరికీ కనిపిస్తుంది. మెత్తదనం తొక్కేవాడికీ, ఇచ్చినవాళ్లకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

తెల్లారేసరికి చర్చి గోడ మంచులో సగం మునిగింది. ఎర్ర చేతితొడుగు తలుపెక్కింది. జనాన్ని కొండెక్కించే లిఫ్ట్ దగ్గర మీటలు తిప్పే గెబ్‌హార్డ్ విగిల్‌ని చూసి గుడిసెలోంచి బయటికే వచ్చేశాడు.

“ఓరోరి! బతికే ఉన్నావా? ఏమిట్రా, ఇంకా ఆ నిచ్చెన మోస్తూనే ఉన్నావా? కాలు విరిగినా పొగరు విరగలేదే నీకు!”

“ఇది లేకపోతే నన్నెవరు గుర్తుపడతార్రా?” అన్నాడు విగిల్. బుర్గి నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్ల మధ్య నొక్కిపట్టి లిఫ్ట్ ఎక్కి కూర్చుంది.

పైన గాలి లేదు. మంచు కింద కూరుకుపోతే జాడ చెప్పే బీకన్లు మెడలో మోగుతున్నాయో లేదో ఒకరిది ఒకరు చూసుకున్నారు. వీపున పారలు సర్దుకున్నారు. కింద మైదానమంతా ఒక్క గీత కూడా లేకుండా తెల్లగా పరుచుకుని ఉంది.

“ఇంతకీ నువ్వు చివరిసారి ఎక్కడ పడ్డావు?” అన్నాడు విగిల్.

“నేను పడను.”

“అయ్యో పాపం. సన్న స్కీ ఇవ్వాల్సిన మనిషి,” అని నవ్వుతూ అతను వాలు మీదికి జారాడు.

మొదటి మలుపు భయం భయంగా తిరిగాడు. రెండోది ఇంకాస్త వంగి తిరిగాడు. మూడోసారి నొక్కితే స్కీ కింద మెత్తగా విల్లులా వంగి అతన్ని పైకి లేపింది. పొట్టి మనిషి మంచు పొగలోంచి తేలి, ఉత్తరాల సంచీ మోసిన రోజుల్లోలా ఒక కూత పెట్టాడు. ఆ కూత విని బుర్గికి ప్రాణం లేచొచ్చింది. వెనకే బయల్దేరింది. కళ్లు మాత్రం తన స్కీల ముక్కుల మీద లేవు, అతని వీపు మీదే ఉన్నాయి. మైదానం నడిమధ్యలో, అత్త ఆవు కూడా పడని చోట, ముందుకు తూలి నిలువునా మంచులో కూరుకుపోయింది.

విగిల్ అడ్డంగా అడుగులేసుకుంటూ రొప్పుకుంటూ పైకొచ్చేసరికి ఆవిడ నోట్లోంచి మంచు ఉమ్ముతోంది.

“ఎక్కడ పడ్డావు?” అన్నాడు.

బుర్గి తిట్టబోయి ఆగింది. “ఇక్కడే. ఆ రోజు కూడా ఇక్కడే. నువ్వు కింద కదలకుండా ఉన్నావు. చూసి, వచ్చేద్దామని ఉరికి, ఇక్కడే పడ్డాను. ఎవరికీ చెప్పలేదు.”

“అందుకా ఆ రోజు నీ మొహమంతా తడి? ఏడ్చావనుకున్నాను.”

“ఏడ్చాను కూడా.”

అతను చేతిలోని స్కీ కర్ర చాచాడు. ఆవిడ పట్టుకుని లేచింది. అతను ఆవిడ కనుబొమల మీది మంచు తన చేతితొడుగుతో తుడిచాడు. అది తుడిచిన దానికన్నా ఎక్కువ అంటించింది.

“గెబ్‌హార్డ్ దుర్భిణీ వేసుకుని చూస్తుంటాడు. అడిగితే ఏం చెబుదాం?” అంది బుర్గి.

విగిల్ చుట్టూ చూశాడు. ఆ మైదానంలో కనుచూపు మేర పుల్ల కూడా లేదు.

“చెట్టు అడ్డొచ్చిందని చెబుదాం,” అన్నాడు.