ఇన్యాసమ్మ పోయని నీళ్ళు

కోడూరు వైపు ఊళ్ళలో ఇన్యాసమ్మని ఎరగని కాన్పు మంచం లేదు. పెళ్ళయిన కొత్తలోనే సిస్టరమ్మల ఆసుపత్రిలో ఆయాగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. చదువు ఐదో తరగతితో ఆగింది. చేతిపని మాత్రం పెద్ద సిస్టరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుంది. బొడ్డు కోయడం, ఏడవని పిల్లని ఏడిపించడం, మాయ పూర్తిగా పడిందో లేదో చూడడం. వీటితోపాటు ఇంకొక పని కూడా నేర్పింది ఆ సిస్టరమ్మ. బతకదనిపించిన బిడ్డకి జ్ఞానస్నానం ఇవ్వడం.

మామూలుగా అది బిడ్డని క్రైస్తవంలోకి చేర్చుకుంటూ ఫాదర్ గారు గుళ్ళో, అంటే చర్చిలో, చేసే పని. బిడ్డ ప్రాణం పోయేటట్టుంటే మాత్రం ఎవరైనా చేయవచ్చు, చేయాలి కూడా. దానికీ ఒక పద్ధతి ఉంది. నీళ్ళు కాచి చల్లార్చినవి అయి ఉండాలి, ఒంటికి గోరువెచ్చగా తగలాలి. జుట్టు మీద పోస్తే చాలదు, వేళ్ళతో పాయ తీసి చర్మం మీద పోయాలి. నీళ్ళు బొట్టుగా నిలబడకూడదు, పారాలి. పోసే చేయీ, పిత పుత్ర పవిత్రాత్మల పేరు చెప్పే నోరూ ఒకరివే కావాలి. పోసిన వెంటనే తల తుడిచెయ్యాలి, లేకపోతే ఆ చలికే బిడ్డ పోతుంది. ఇన్యాసమ్మ ఇన్నేళ్ళలో ఎంతమందికి అలా పోసిందో లెక్క పెట్టుకోలేదు. కొందరు బతికారు. ఎక్కువమంది పోయారు. పోయిన వాళ్ళ తల్లులు గుడి దగ్గర కనిపిస్తే ఆమె చేయి పట్టుకుని కాసేపు అలాగే నిలబడేవారు.

ఆమె కొడుకు జీవానందం రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్కు. గుడివాడ అమ్మాయి హారికని ప్రేమించి చేసుకున్నాడు. హారిక వాళ్ళు హిందువులు. బిషప్పుగారి అనుమతితో పెళ్ళి గుళ్ళోనే జరిగింది. పుట్టే పిల్లలకి గుళ్ళో జ్ఞానస్నానం ఇప్పిస్తానని జీవానందం మాటిచ్చాడు. హారిక దానికి అడ్డు చెప్పలేదు. అయితే తనకి చెప్పి, తను ఉండగా, తను పెట్టిన పేరుతో జరగాలంది.

మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పుట్టడమే నీలంగా పుట్టింది. హారిక అప్పుడు ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉంది. బయట పిల్లని చేతికిచ్చేసరికి ఇన్యాసమ్మ ఎవర్నీ అడగలేదు. నీళ్ళు పోసింది, జసింత అని పేరు పెట్టింది. పిల్ల బతికింది. మూడో నాడు ఆ సంగతి తెలిసి హారిక అత్తగారితో మాట్లాడడం మానేసింది. నా కడుపు కోసి ఉండగా నా పిల్లకి పేరు కూడా పెట్టేశారా అని మొగుడితో అంది. పిల్లని ఇంట్లో సాహితి అనే పిలిచారు. గుడి రిజిస్టరులో మాత్రం జసింత అనే ఉండిపోయింది.

కొన్ని నెలల తర్వాత ఒక రోజు హారిక అత్తగారిని ఇంట్లో పీఠం ముందుకి తీసుకెళ్ళింది. మరియమ్మ పటం దగ్గర కొవ్వొత్తి తనే వెలిగించింది.

"అత్తయ్యా, మీ దేవుడి ముందే అడుగుతున్నాను. నన్ను అడగకుండా ఇంకెప్పుడూ నా పిల్లల నెత్తిన నీళ్ళు పోయనని చెప్పండి."

ఇన్యాసమ్మ పటం మీద చేయి వేసి చెప్పింది. ఆ మాటతో ఇంట్లో మళ్ళీ మంచి రోజులొచ్చాయి. హారిక అవనిగడ్డలో ప్రైవేటు స్కూల్లో టీచరు. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ సాయంత్రానికి వచ్చేది. సాహితి పెంపకమంతా నాయనమ్మ చేతుల మీదుగానే నడిచింది. సిలువ గుర్తు వేసుకోవడం, పడుకునే ముందు కావలి దూతని తలుచుకోవడం, అన్నం తొక్కకూడదనడం, చీమ చచ్చిపోతే ఏమవుతుందో చెప్పడం, అన్నీ ఆమే. అడిగిన ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబు ఉండేది. హారిక నవ్వుతూ, మా స్కూల్లో కూడా ఇన్ని డౌట్లకి ఆన్సరు దొరకదు అత్తయ్యా అనేది.

సాహితికి ఆరో ఏడు నడుస్తుండగా హారికకి మళ్ళీ నెల తప్పింది. ఎనిమిదో నెలలో కాళ్ళు వాచాయి, బీపీ దిగకుండా నిలబడిపోయింది. పులిగడ్డ దాటి, చల్లపల్లి మీదుగా ఆటోలో బందరు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ చూసిన వెంటనే ఆపరేషన్ అంది. మగపిల్లాడు. అరచేతిలో పట్టేటంత. ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదు. అద్దాల పెట్టెలో పెట్టి, విజయవాడ తీసుకెళ్ళాలి, ఊపిరి మిషనున్న అంబులెన్సు కావాలి అన్నారు. ఆ అంబులెన్సు కోసం జీవానందం ఫోను చెవి దగ్గర పెట్టుకుని రోడ్డు మీదకి పరుగెత్తాడు.

నర్సమ్మ ఇన్యాసమ్మకి గౌను తొడిగి లోపలికి పంపింది. పాతకాలపు ఆయా అని తెలిసి కాస్త మర్యాద చూపించింది. ఇన్యాసమ్మ పెట్టె పక్కన నిలబడి బిడ్డ డొక్కలు చూసింది. ఊపిరికోసారి ఎముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. పెదవుల చుట్టూ బూడిద రంగు. విజయవాడ దాకా కాదు, సగం దారి దాకా కూడా రాడని ఆమెకి అర్థమైంది. సంచిలో కాచిన నీళ్ళ సీసా ఉంది, చెమ్చా ఉంది. చెమ్చా చేతిలోకి తీసుకుంది కూడా. పెద్ద సిస్టరమ్మ చెప్పింది ఆమెకి బాగా గుర్తే: ప్రాణం మీదకి వస్తే ఎవరి అనుమతీ అక్కరలేదు. పటం మీద చేయి వేసి చెప్పిన మాట కూడా అంతే గుర్తుంది.

అడిగి వస్తాను, ఎంతసేపు పడుతుంది అనుకుంది. చెమ్చా సంచిలో వేసి పై అంతస్తుకి మెట్లెక్కింది.

హారిక ఉన్న గది బయట డాక్టరమ్మ ఎదురైంది. ఆవిడకి తెలివొచ్చింది గాని బీపీ ఇంకా దిగలేదు, బాబు సంగతి ఏమీ చెప్పకండి, ఫిట్సు వస్తే ఆవిడా దక్కదు అని గట్టిగా చెప్పి కిందికి వెళ్ళిపోయింది. ఇన్యాసమ్మ లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది. హారిక కళ్ళు సగం తెరిచింది.

"బాబు ఎలా ఉన్నాడు అత్తయ్యా?"

అక్కడే చిక్కుకుపోయింది ఇన్యాసమ్మ. నీళ్ళు పోయమంటావా అని అడిగితే బిడ్డ పోతున్నాడని చెప్పినట్టే. ప్రాణం మీదకి వస్తేనే అత్తగారు నీళ్ళు పోస్తుందని హారికకి మొదటి కాన్పు నుంచీ తెలుసు. అడగకుండా పోస్తే ఇచ్చిన మాట పోతుంది. అడిగితే తల్లి ప్రాణం మీదకి రావచ్చు.

"బాగున్నాడమ్మా. వెచ్చగా ఉంటుందని అద్దాల పెట్టెలో పెట్టారు. పడుకో."

హారిక చేయి చాపి అత్తగారి వేళ్ళు పట్టుకుంది. పట్టుకుని అలాగే నిద్రలోకి జారింది. ఆ వేళ్ళు మెల్లగా విడిపించుకోవడానికి కొంతసేపు పట్టింది. మెట్లు దిగుతూ ఇన్యాసమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. మాట పోతే పోనీ, కోడలు మళ్ళీ జన్మంతా మాట్లాడకపోతే మానె, పోసేస్తాను అనుకుంది. కింద పెట్టె ఉన్న గది తలుపు దగ్గర నర్సమ్మ తల వంచుకుని నిలబడి ఉంది.

ఇంకా ఊపిరి ఉందేమోనన్న అనుమానం మిగిలితే, "బతికి ఉంటే" అన్న మాట కలిపి పోయవచ్చని సిస్టరమ్మ నేర్పింది. ఇన్యాసమ్మ బిడ్డ మాడు మీద, గుండె మీద, గజ్జల్లో చేయి పెట్టి చూసింది. తెలియని చేయి అయితే అనుమానం మిగిలేదేమో. ఆమె చేతికి మిగల్లేదు. పోయినవాళ్ళకి జ్ఞానస్నానం లేదు. సంచి నోరు ముడి వేసుకుని బయట బల్ల మీద కూర్చుంది. అంబులెన్సు దొరికిందని జీవానందం పరుగెత్తుకుంటూ వచ్చాడు.

మర్నాడు హారిక బీపీ దిగాక డాక్టరమ్మే బాబు పోయిన సంగతి చెప్పింది. గుడివాడ నుంచి వచ్చిన హారిక తల్లి పక్కనే ఉంది. జీవానందం, ఇన్యాసమ్మ తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డని తీసుకుని ఊరికి బయల్దేరారు. దారి పొడుగునా బిడ్డ ఇన్యాసమ్మ ఒళ్ళోనే ఉన్నాడు.

ఇంటి ముందు సంఘ పెద్ద రాజబాబు, నలుగురు మనుషులు ఎదురుచూస్తున్నారు. ఆ ఊళ్ళో సమాధుల తోటకి ఒక కట్టుబాటు ఉంది. జ్ఞానస్నానం పొందిన పసివాళ్ళని పెద్దల పక్కన, సిలువ పెట్టి, గంట కొట్టి పాతిపెడతారు. పొందనివాళ్ళు తూర్పు గోడ పక్కకి వెళ్తారు. అక్కడ తుమ్మమొక్కలు తప్ప ఏమీ లేవు. రాజబాబు చెడ్డవాడు కాదు. అడగడం కూడా ఏదో ఆనవాయితీకి అడిగాడు.

"మీ ఆయన పక్కనే తవ్వించానక్కా. నువ్వుండగా బాబుకి జ్ఞానస్నానం కాకుండా ఉంటుందా. గంట కొట్టమని చెప్పనా?"

జీవానందం తల్లి వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి తెలుసు. ఒక్క మాట అంటే సరిపోతుంది. ఇన్యాసమ్మ అయిందంటే ఆ ఊళ్ళో ఎవరూ మళ్ళీ అడగరు.

"కాలేదు," అంది ఆమె.

రాజబాబు నమ్మలేదు. మళ్ళీ అడిగాడు. కాలేదు తమ్ముడూ, నేను పోయలేదు అని మళ్ళీ చెప్పింది. గుమిగూడిన వాళ్ళలో ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఊరందరి పిల్లలకీ పోసింది, సొంత మనవడికి చేయి రాలేదా అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఇన్యాసమ్మ అటు తిరిగి చూడలేదు.

జీవానందం ఫాదర్ గారికి ఫోను చేశాడు. ఆయన కుర్రవాడు, ఆ విచారణకి, అంటే ఆ గుడి కిందున్న ఊళ్ళకి, వచ్చి ఏడాది కూడా కాలేదు. గోడ పక్కన పెట్టడమేమిటండీ, ఆ రోజులు పోయాయి అని కోప్పడ్డాడు. తల్లిదండ్రులకి బిడ్డకి జ్ఞానస్నానం ఇప్పించే ఉద్దేశం ఉంటే చాలు, తక్కినది బిషప్పుగారితో నేను మాట్లాడతాను, తాతగారి పక్కనే పెట్టండి, నేను వచ్చి ప్రార్థన చెబుతాను అన్నాడు. ఉద్దేశం ఉంది ఫాదర్ అని జీవానందం వెంటనే అన్నాడు.

"నీకుంది. ఆ పిల్లని కూడా అడుగు," అంది ఇన్యాసమ్మ.

జీవానందం ఇప్పుడు తనని ఏమడుగుతానమ్మా, వదిలెయ్ అన్నాడు. ఆమె వదల్లేదు. ఫోను తనే తీసుకుంది. హారిక తల్లి ఎత్తి, కూతురి చెవి దగ్గర పెట్టింది. ఇన్యాసమ్మ సంగతంతా చెప్పింది. గోడ సంగతి, ఫాదర్ గారు అన్నది, రాజబాబుకి తను చెప్పిన జవాబు.

"బాగున్నాడన్నారు కదా అత్తయ్యా."

"అన్నానమ్మా."

"అప్పుడు అడిగుంటే పోయమనేదాన్ని. ప్రాణం ఉండగా వాణ్ణి ఒకసారి చూపించమనేదాన్ని. నన్ను మంచంతో సహా కింద అంతస్తుకి దింపమనేదాన్ని. ఇప్పుడు మట్టి చెయ్యడానికి అడుగుతున్నారా."

డాక్టరమ్మ వద్దందని చెప్పుకోవచ్చు. నీకిచ్చిన మాట కోసమే ఆగానని చెప్పుకోవచ్చు. రెండూ నిజాలే. ఇన్యాసమ్మ రెండూ చెప్పలేదు.

"మావయ్యగారి పక్కనే పెట్టండి," అని హారిక ఫోను తల్లికిచ్చేసింది.

బిడ్డకి ఆఖరి స్నానం ఇన్యాసమ్మే చేయించింది. చెయ్యనివ్వమని ఇంకో ఇద్దరు ముందుకొచ్చినా ఇవ్వలేదు. తల మీద నీళ్ళు పారుతున్నప్పుడు ఆమె పెదవులు గట్టిగా మూసుకునే ఉన్నాయి. తడి లేకుండా తుడిచింది, చెవుల వెనక కూడా తుడిచింది. గంట కొట్టారు. ఫాదర్ గారు ప్రార్థన చెప్పారు. పని అంతా పద్ధతి ప్రకారం జరిగింది.

హారిక ఇంటికి వచ్చాక అత్తగారిని ఒక్క మాట కూడా అనలేదు. పెట్టింది తిన్నది, ఇచ్చిన మందు వేసుకుంది. ఇన్యాసమ్మ ఒక ఆదివారం, ఫాదర్ గారి ముందు తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి అంతా చెప్పుకుంది. ఇందులో మీ పాపం లేదమ్మా అని ఫాదర్ గారు అన్నారు. ఆమె సరేనని లేచి వచ్చింది.

ఒక సాయంత్రం పీఠం ముందు సాహితి జపమాల పట్టుకుని కూర్చుంది. హారిక ఎప్పటిలాగే మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. పిల్ల జపం మొదలుపెట్టకుండా నాయనమ్మ వైపు తిరిగింది.

"నాయనమ్మా, నీళ్ళు పోయకపోతే తమ్ముడు దేవుడి దగ్గరికి వెళ్ళలేదా? రాజబాబు తాత వాళ్ళింట్లో అనుకుంటున్నారు."

ఇన్యాసమ్మ జవాబు కోసం నోరు తెరిచింది. పిల్లలకి చెప్పే మెత్తటి మాటలు ఆమె దగ్గర కావలసినన్ని ఉన్నాయి. ఇంతలో మంచం మీద నుంచి హారిక గొంతు వినిపించింది.

"ఉన్నదున్నట్టు చెప్పండి అత్తయ్యా. నేనూ వింటున్నాను."

ఇన్యాసమ్మ కోడలి వైపు తిరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి.

"నాకు తెలీదు తల్లీ," అంది పిల్లతో. "దేవుడు తీసుకున్నాడని ఫాదర్ గారన్నారు. నాకూ అలాగే ఉండాలని ఉంది. తెలుసా అంటే తెలీదు."

సాహితికి నాయనమ్మ నోట ఆ మాట కొత్త. తల్లి వైపు చూసింది. హారిక మొహం గోడ వైపు తిప్పుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఇన్యాసమ్మ లేచి మంచం దాకా వెళ్ళి ఆగిపోయింది. పిలవలేదు కాబట్టి కూర్చోలేదు. పిలుస్తుందేమోనని నిలబడే ఉంది.