ఆదికిచ్చిన పెళ్లికోటు

ఇనప కవచం తొడుక్కుని సింగపూర్ ట్రైన్ ఎక్కిన మనిషిని మీరెవరైనా చూశారా? మొన్నామధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం యీషున్ నుంచి న్యూటన్ దాకా చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మనిషిని నేనే. టీ తాగుతూ వినండి, నవ్వేదుంటే చివర్లో ఒకేసారి నవ్వండి.

కంప్యూటర్లలో వై టూ కే హడావుడి ముగిశాక మా ఆఫీసులో అందరికీ కాస్త తీరిక చిక్కింది. ఊరుకోవచ్చు కదా? ఈసారి తెలుగు అసోసియేషన్ ఉగాది ఫంక్షన్‌కి డాన్సులొద్దు, సినిమా తీద్దామన్నాడు కరీం భాయ్. ఆయన హైదరాబాదీ, మా ప్రాజెక్ట్ మేనేజరు. కొత్త హ్యాండీక్యామ్ కొన్నాడు కాబట్టి డైరెక్టరు కూడా ఆయనే. ఇరవై నిమిషాల జానపదం. ఒక వీరుడు, ఒక రాక్షసుడు, ఒక యుద్ధం.

వీరుడి వేషం నేనే అడిగి పుచ్చుకున్నాను. గుర్రపుస్వారీ కూడా వచ్చని చెప్పాను. ఊటీలో ఫోటో కోసం ఎక్కి, ఫోటో అవగానే దిగిన అనుభవం నాకుంది. రాక్షసుడేమో గోపాల్. మా టీమ్‌లో అందరికంటే సన్నటివాడు, పొట్టకి దిండు కడితే సరిపోతుందన్నారు.

ఇంటికెళ్లి మా ఆవిడ పద్మకి గొప్పగా చెప్పాను.

"మరి రాక్షసుడెవరండీ?" అంది చపాతీలు ఒత్తుతూ.

"గోపాల్."

"గోపాలా?" అని నా పొట్ట వైపు ఒక్కసారి చూసి, మళ్లీ చపాతీ ఒత్తుకుంది.

అదిగో, అక్కడ తగిలింది నాకు. ఉగాది రోజు అంత పెద్ద తెర మీద, నిండు హాల్లో, ఈవిడ నన్ను వీరుడిగా చూసి తీరాలి. అంతకంటే నాకింకేం అక్కర్లేదు.

కరీం భాయ్ అట్టముక్కలతో కవచం చేద్దామన్నాడు. నేను ససేమిరా అన్నాను. మా అసోసియేషన్ భోజనాలకి అప్పలనాయుడని ఒకతను వస్తుంటాడు. శ్రీకాకుళం వైపు కుర్రాడు, షిప్‌యార్డులో వెల్డరు. సన్నటి రేకుతో ముందొకటి వెనకొకటి చేసి, పక్కల బోల్టులు బిగించేస్తానన్నాడు.

"ఓపాలి కొలతలు తీసుకుంతాను, ఇలా రండి బావూ" అని జేబులోంచి తాడు తీశాడు.

చుట్టూ పాతికమంది పప్పన్నం తింటున్నారు. వాళ్లందరి ముందు నా పొట్ట చుట్టూ తాడు తిప్పడమా? కొలతలెందుకు, ఆది ఇస్తానన్నాను. టైలరుకి పాత జాకెట్టు ఆదికిచ్చినట్టు, నా పెళ్లికోటు తెచ్చి ఇచ్చాను.

అప్పలనాయుడు కోటు మడత విప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఈ కోటు తమరిదేనేటి బావూ?"

"నాదే."

"ఎప్పటిదండీ?"

"మొన్నమొన్నటిదే" అన్నాను. మా పెళ్లయి పదకొండేళ్లయింది.

షూటింగ్ రోజు రానే వచ్చింది. యీషున్‌లో మా బ్లాకు వెనక పార్కే యుద్ధభూమి. కవచం ధగధగా మెరిసిపోతోంది. కరీం భాయ్ ముందు రేకు, గోపాల్ వెనక రేకు పట్టుకుని రెండువైపుల నుంచీ నొక్కారు. "భాయ్, ఊపిరి మొత్తం వదిలెయ్. మళ్లీ తీస్కోకు" అన్నాడు కరీం భాయ్. వదిలేశాను. బోల్టులు పడ్డాయి.

డైలాగు మొదలైంది. "ఓరీ..." అన్నాను. ఊపిరందలేదు. "రాక్షసా..." అన్నాను. మళ్లీ అందలేదు.

"డైలాగ్ చెప్తున్నవా, ఆయాసపడుతున్నవా మియా? పోనీ, గుర్రం షాట్ తీసేద్దాం" అన్నాడు డైరెక్టరు.

గుర్రమంటే మా అమ్మాయి సింధు సైకిలు. హ్యాండిల్‌కి థర్మోకోల్ గుర్రం తల కట్టాం. పార్కులో ఏటవాలు దారి పైనుంచి నేను కత్తి ఎత్తి దిగిరావాలి, కింద రాక్షసుడు నించునుంటాడు. జారడం దాకా బ్రహ్మాండంగా జరిగింది. ఆ తర్వాతే తెలిసింది, నేను ముందుకి వంగలేను. వంగకపోతే బ్రేకు అందదు.

గోపాల్ పాపం పారిపోబోయాడు గానీ, పొట్టకి దిండు కట్టుకుని ఎంత దూరం పరిగెడతాడు? వెళ్లి నేరుగా ఆ దిండు మీదే పడ్డాను. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. కవచానికి తగిలింది. రెండు పక్కలా రేకు వంకరపోయి బోల్టులు బిగుసుకుపోయాయి. స్పానర్ పెట్టి తిప్పితే నట్టు కదల్లేదు, నేనే గుండ్రంగా తిరిగాను.

ఫైర్ ఇంజన్‌ని పిలుద్దామన్నాడు కరీం భాయ్. రేపు పేపర్లో ఫోటో పడితే ఆఫీసులో తలెత్తుకోగలనా? వద్దన్నాను. చేసినవాడే విప్పాలి. అప్పలనాయుడికి ఫోను లేదు గానీ, ఆదివారమైతే ఎక్కడుంటాడో అందరికీ తెలుసు. లిటిల్ ఇండియాలో మార్కెట్‌కి ఎదురుగా మూడో లైటు స్తంభం దగ్గర వాళ్ల ఊరివాళ్లంతా కలుస్తారు. టాక్సీ ఆపాం. నడుం వంగితే కదా ఎక్కేది? డ్రైవరు అంకుల్ నన్నోసారి ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. ఇంక ట్రైనే గతి. షూటింగ్ చూడ్డానికొచ్చిన పద్మ, సింధు, హ్యాండీక్యామ్‌తో కరీం భాయ్ కూడా నా వెంటే ఎక్కారు.

ట్రైన్లో ఒక చైనీస్ ఆంటీ, "అంకుల్, వాట్ షాప్ ఓపెనింగ్ ఆ?" అని అడిగింది. ఏదో కొత్త షాపు ప్రచారం అనుకుంది కాబోలు. ఆయాసం చూసి లేచి సీటిచ్చింది. కూర్చోలేనని ఎలా చెప్పను?

"నాన్నా, యూ లుక్ లైక్ బిస్కెట్ టిన్ లా" అంది సింధు, చివర్లో సింగపూర్ వాళ్ల "లా" తగిలించి.

పద్మ పక్కన నిలబడి స్ట్రాతో నీళ్లు తాగిస్తోంది, భుజాలు మాత్రం అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. కాదు.

న్యూటన్‌లో దిగి నడిచాం. ఆదివారం లిటిల్ ఇండియాలో కాలు పెట్టడానికి చోటుండదు కదా, నన్ను చూడగానే జనం వాళ్లంతట వాళ్లే దారిచ్చారు. నిజం చెప్పొద్దూ, ఆ అవస్థలోనూ కాస్త ఛాతీ విరుచుకుందామనుకున్నాను. రేకు ఒప్పుకోలేదు.

మూడో స్తంభం దగ్గర పులిహోర పొట్లం తింటున్నాడు అప్పలనాయుడు. నన్ను చూసి చెయ్యి కడుక్కుని లేచాడు.

"కోటు సూసినప్పుడే అనుకున్నాను బావూ. పెద్దోరు, సదువుకున్నోరు, అడిగితే బాగోదని ఊరుకున్నాను."

పక్క హార్డ్‌వేర్ షాపులో రంపం అడిగి తెచ్చి, నాలుగు బోల్టులూ కోశాడు. నాలుగోది తెగగానే ముందు రేకు దానంతటదే ఎగిరి అవతల పడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి తీసుకున్నాను.

అప్పలనాయుడు వంకరలు సరిచేసి, కొత్త బోల్టులేసి, ఎలా ఉందో చూద్దామని తను తొడుక్కున్నాడు. పోతపోసినట్టు అతికింది. చేతులెత్తాడు, వంగాడు, లేచాడు. కరీం భాయ్ హ్యాండీక్యామ్ ఎత్తి అతని వైపు తిప్పాడు. కాసేపటికి నా వైపు చూసి, "భాయ్..." అన్నాడు. ఆ తర్వాత చెప్పడానికి ఆయనకి మొహమాటం. చెప్పక్కర్లేదు, నాకర్థమైంది. బాధేసింది, కానీ అతన్ని చూస్తే కాదనబుద్ధి కాలేదు.

ఉగాది రోజు తెర మీద అప్పలనాయుడు సైకిల్ గుర్రమెక్కి దిగివస్తుంటే హాలంతా ఈలలు. ఆఖరి యుద్ధంలో రాక్షసుడు గద తిప్పుతూ పొట్ట ఊపుకుంటూ నవ్వితే అంతకంటే పెద్ద ఈలలు. పద్మ కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఎంత సహజంగా చేశారండీ" అంది.

దిండంటారా, అది మా సోఫాదే, మళ్లీ సోఫాలోకే చేరింది. రాక్షసుడి గద నా చేతికిచ్చిన రోజు గోపాల్ ఆ దిండు కూడా ఇవ్వబోయి, నన్నోసారి పరకాయించి చూసి, మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.